గడపనుండి లెక్క: సామాన్యుని విమానయానము

మన అల్లపల్లి, అహేరి, సిరొంచ ప్రాంతముల తెలుగు కుటుంబములలో దూరపట్టణమున ఒక్క బిడ్డయైనను లేని ఇల్లు నేడు అరుదు. ఒకరి కుమారుడు పూణేలో, ఒకరి కుమార్తె బెంగుళూరులో, వేరొకరి అల్లుడు సూరతులో, ఇంకొకరి తమ్ముడు దుబాయిలో బ్రతుకుతెరువు చూచుకొనుచున్నారు. తాతముత్తాతల నాడు గోదావరి, ప్రాణహితలు దాటి ఈ యడవులకు వచ్చిన వారి సంతతి మరల నదులు దాటి పోవుచున్నది. ఆకసమున పోవు విమానమును పిల్లలకు వ్రేలితో చూపి సంతోషించిన మనమే, "టిక్కెట్టు ఎంత? ఎచ్చట కొనవలెను? ఎవరిని నమ్మవలెను?" అని విచారింపవలసిన దినములు వచ్చినవి. పాఠకులు పలువురు మమ్ము ఈ ప్రశ్నలే అడుగుచున్నారు గనుక ఈ వారము ఆ విషయమునే చర్చింప దలచితిమి.

ముందుగా ఈ వ్యాసకర్త ఇంట జరిగిన సంగతి యొకటి చెప్పుట అవసరము. రెండేండ్ల క్రిందట మా బావగారు పూణేలో కుమారుని యొద్ద ఉండగా గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరిరి. మా అక్కగారు సిరొంచలో నుండిరి. బంధువులము తలకొంత వేసికొని, ఒక పట్టణమందలి ఏజెంటు ద్వారా హైదరాబాదు నుండి పూణేకు టిక్కెట్టు కొంటిమి. రాత్రికి రాత్రి జీపు కట్టించుకొని వెళ్లితిమి. విమానాశ్రయ ద్వారమున కావలివారు టిక్కెట్టును, ఆధార్ కార్డును ప్రక్కప్రక్కన పెట్టి చూచిరి. కార్డులో అక్కగారికి పుట్టింటి పేరు. టిక్కెట్టులో మా బావగారి పేరు, వారి ఇంటిపేరు. రెండును కలియలేదు. కౌంటరుకు పొండనిరి. కౌంటరువారు టిక్కెట్టు అమ్మినవానిచే దిద్దించుకొని రండనిరి. ఆ ఏజెంటు ఫోను ఎత్తలేదు. విమానము పోయెను. మరునాటి ఉదయపు విమానమునకు మరల డబ్బు కట్టి ఆమె పూణే చేరునప్పటికి బావగారు లేరు. ఆమెకు కడసారి చూపు దక్కినది. కడసారి మాట దక్కలేదు.

ఇది ఎవరినో నిందించుటకు వ్రాయుట లేదు. ఆ టిక్కెట్టు కొన్నవారిలో మేమును ఉన్నాము. పేరు సరిచూడవలెనను తలంపు మాలో ఒక్కరికిని కలుగలేదు. టిక్కెట్టు ధరలో రెండువందలు తగ్గించుకొనుటకు గంటసేపు బేరమాడిన మేము, పేరు చదువుటకు ఒక్క నిమిషము వెచ్చింపలేదు.

విమానమునకును మన ప్రాంతమునకును సంబంధము క్రొత్తది కాదు. 1949 జనవరిలో ప్రారంభమైన రాత్రి టపా సర్వీసున ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుండి బయలుదేరిన విమానములు నడిరేయి నాగపూరులో కలిసి, టపా సంచులు మార్చుకొని, తెల్లవారునప్పటికి తిరిగి తమతమ పట్టణములు చేరెడివి. దేశమునకు నడిబొడ్డున ఉండుటయే నాగపూరుకు ఆ గౌరవము తెచ్చినది. 1953లో ప్రభుత్వము విమాన సంస్థలను జాతీయము చేసెను. ఆ చట్టము 1994లో రద్దయిన పిమ్మట ప్రైవేటు సంస్థలు మరల బలపడినవి. 2003 ఆగస్టులో కెప్టెన్ జి. ఆర్. గోపీనాథ్ గారి ఎయిర్ డెక్కన్ తక్కువ ఛార్జీల సర్వీసులు ప్రారంభించి, సామాన్యుడును విమానమెక్కవచ్చునని దేశమునకు చూపినది. ఆ సంస్థ నిలువలేదు గాని, అది చూపిన బాట నిలిచినది. 2017 ఏప్రిల్ 27వ తేదీన కేంద్రప్రభుత్వపు ఉడాన్ పథకము క్రింద మొదటి విమానములు బయలుదేరినప్పుడు, సిమ్లా–ఢిల్లీతో పాటు కడప–హైదరాబాదు, నాందేడు–హైదరాబాదు సర్వీసులును ఆనాడే ప్రారంభమైనవి. గంట ప్రయాణమునకు 2,500 రూపాయల పరిమితి ఆనాడు నిర్ణయింపబడెను. అదియు విమానమున కొన్ని సీట్లకు మాత్రమే.

చిన్న పట్టణముల సర్వీసులను నమ్ముకొనుటలో ఒక జాగ్రత్త అవసరము. మన గోందియానే చూడుడు. 2022లో అచ్చటినుండి హైదరాబాదుకు సర్వీసు మొదలై కొలదికాలమునకే నిలిచెను. 2023 డిసెంబరులో మరియొక సంస్థ దానిని తిరిగి ప్రారంభించెను. ఇట్టివి వచ్చుచు పోవుచు నుండును. కావున నిరుటి మాట నమ్మి బయలుదేరక, టిక్కెట్టు కొనునాడు సర్వీసు ఉన్నదో లేదో చూచుకొనవలెను.

ఇక అసలు విషయము. వర్తకము చేయువారికి ఒక సంగతి తెలియును. సరకు కొన్న ధర వేరు. అది మన కొట్టు చేరినప్పటి ధర వేరు. లారీ కిరాయి, హమాలీ, తరుగు కలిపిన పిమ్మటనే లాభనష్టములు తేలును. విమాన ప్రయాణమును అట్టిదే. మొబైలులో కనబడు ఛార్జీ నాగపూరునుండియో, శంషాబాదునుండియో మొదలగును. మన లెక్క మాత్రము మన గడపనుండి మొదలు కావలెను.

అల్లపల్లి నుండి నాగపూరు రమారమి 280 కిలోమీటర్లు. సిరొంచ మీదుగా హైదరాబాదు 350 కిలోమీటర్లకు పైమాట. సిరొంచవారికి కాళేశ్వరము వద్ద గోదావరి వంతెన దాటిన హైదరాబాదు మార్గము అనుకూలము; ఆష్టి, చామోర్షి వైపు వారికి నాగపూరు దగ్గర. నడుమనున్న అల్లపల్లి, అహేరి వారు రెండు పట్టణముల ఛార్జీలను ప్రతిసారియు పోల్చి చూడవలెను. బస్సు లేక జీపు ఖర్చు, దారిలో భోజనము, తెల్లవారుజామున బయలుదేరు విమానమైనచో ముందురాత్రి బసకగు ఖర్చు, అవతల దిగిన పిమ్మట ఇల్లు చేరుటకగు ఆటో లేక టాక్సీ కిరాయి, ఇవన్నియు కలిపి ఒక కాగితముమీద వ్రాయుడు. వేయి రూపాయలు చౌకయని కొన్న వేకువ విమానము, లాడ్జి బాడుగతో కలిసి మధ్యాహ్నపు విమానము కంటె ప్రియమగుట మేమెరుగుదుము. నాగపూరు మెట్రోకు విమానాశ్రయము వద్ద స్టేషను గలదు. హైదరాబాదులో శంషాబాదుకు ఆర్టీసీవారి పుష్పక్ బస్సులు గలవు. టాక్సీ కట్టించుకొనుటకు ముందు ఇవి జ్ఞాపకముంచుకొనవలెను.

ఆ లెక్కలో పోయిన దినములను కూడ చేర్చవలెను. దినకూలి వానికి, చిన్న దుకాణము నడుపువానికి రెండు దినములు రైలులో కూర్చుండుట రెండు దినముల సంపాదన పోగొట్టుకొనుటయే. అట్లని ప్రతి ప్రయాణమునకు విమానము తగదు. సికిందరాబాదుకు పోవువారికి బల్లార్షా రైలే ఉత్తమము. 2024 సెప్టెంబరు నుండి నాగపూరు–సికిందరాబాదు వందే భారత్ రైలు బల్లార్షాలో ఆగుచున్నది. పూణేకు 2025 ఆగస్టులో నాగపూరులోని అజ్ని స్టేషను నుండి వందే భారత్ ప్రారంభమైనది. అది రమారమి పన్నెండు గంటల ప్రయాణము. తొందర లేనివారు దానిని చూడవచ్చును. బెంగుళూరు, కొచ్చి, అహమ్మదాబాదు వంటి దూరపట్టణములకు పోవునప్పుడు, ముందుగా కొన్నయెడల, విమానమే గిట్టుబాటగు సందర్భములు కలవు. రైలుకు 2024 నవంబరు నుండి అరువది దినములు ముందుగా మాత్రమే రిజర్వేషను దొరకును గనుక, విమానపు ధరను, రైలు ధరను ఆ రెండు నెలలలో ఒకేసారి పోల్చి నిర్ణయించుకొనుట సులభము.

ధర ఏల మారును? మన అటవీ డిపోలో టేకు దుంగలు లాట్లుగా పేర్చి వేలము వేయుట అందరు చూచినదే. విమానపు సీట్లను కూడ సంస్థలు కొన్ని ధరల మెట్లుగా విభజింతురు. క్రింది మెట్టు సీట్లు అమ్ముడైన పిమ్మట పైమెట్టు తెరచుకొనును. అందువలననే ఒకే వరుసలో కూర్చున్న ఇద్దరిలో ఒకరు మూడువేలు, ఒకరు ఏడువేలు కట్టియుండుట తటస్థించును. కావున సాధారణ ప్రయాణమునకు ఒక నెల ముందు, సంక్రాంతి, దసరా, దీపావళి, వేసవి సెలవులకు రెండు మూడు నెలలు ముందు చూచుట మేలు. శుక్రవారము సాయంకాలము, ఆదివారము రాత్రి అందరు పోవుదురు. మంగళ, బుధవారములలో రద్దీ తక్కువ. తేదీని ఒకటి రెండు దినములు అటునిటు జరుపగలవారికే తక్కువ ధర దొరకును. గూగుల్ ఫ్లైట్స్ వంటి చోట్ల నెల పొడుగున ఏ దినమున ఎంత ధరయో పంచాంగమువలె కనబడును. ముందు అది చూచి, ఆ పిమ్మట తేదీ నిశ్చయించుకొనవలెను.

కుటుంబముతో పోవువారు మరియొకటి గమనింపవలెను. నలుగురికి ఒకేసారి ధర అడిగినయెడల, క్రింది మెట్టున రెండు సీట్లే మిగిలియుండగా, యంత్రము నలుగురికిని పైమెట్టు ధరనే చూపుట కలదు. ముందు ఒకరికి, తరువాత నలుగురికి అడిగి చూడుడు. భేదమున్నచో ఇద్దరిద్దరిగా కొనవచ్చును. అయితే పిల్లలను పెద్దలనుండి వేరుచేసి కొనరాదు.

పోల్చి చూచుటకు పలు సైట్లు ఉపయోగపడును. కొనుట మాత్రము విమాన సంస్థ యొక్క స్వంత సైటులో గాని ఆప్‌లో గాని మేలు. తేదీ మార్పవలసి వచ్చినను, విమానము రద్దయినను, అప్పుడు నేరుగా వారితోనే మాట్లాడవచ్చును. కడపటి పేజీ వరకు పోయి మొత్తము చూచి పోల్చవలెను. మొదట చూపిన ధరకు సౌకర్యపు రుసుము, బీమా, సీటు ఎంపిక, భోజనము ఒక్కొక్కటిగా చేరుచుండును. మనము అడుగకున్నను కొన్ని గుర్తులు ముందే పెట్టబడియుండును, అక్కరలేనివి తీసివేయుడు. సీటు ఎంచుకొననివారికి కూడ చెక్-ఇన్ సమయమున ఏదో ఒక సీటు ఉచితముగా వచ్చును. దేశములోపలి ప్రయాణమునకు సాధారణముగా పెద్దసామాను 15 కిలోలు, చేతిసంచి 7 కిలోలు అనుమతింతురు. అయితే పెద్దసామాను లేని చౌక టిక్కెట్లును అమ్ముచున్నారు. అట్టివి కొని బియ్యపు మూటతో వెళ్లినవారు కౌంటరు వద్ద కట్టు డబ్బు టిక్కెట్టును మించవచ్చును. ఆవకాయ జాడీ, నూనె డబ్బా చేతిసంచిలో పెట్టినచో తనిఖీలో ఆపవచ్చును. చక్కగా మూతవేసి, కట్టి, పెద్దసామానులోనే పెట్టవలెను. విమానము బయలుదేరుటకు రెండు గంటలు ముందే చేరవలెను. దేశీయ ప్రయాణమునకు గంట ముందుగా కౌంటరు మూయుదురు.

మోసగాండ్రును పెరిగినారు. "కస్టమర్ కేర్" అని వెదకి దొరకిన ఏదో నంబరుకు ఫోను చేయరాదు. నంబరు సంస్థ యొక్క స్వంత సైటులో చూచియే తీసికొనవలెను. డబ్బు తిరిగి ఇచ్చుటకు ఓటీపీ చెప్పుమన్నవాడు, వేరొక ఆప్ వేసికొనుమన్నవాడు దొంగయని తెలియవలెను.

ఇప్పుడు పేరు సంగతి. రెండు భాషల నడుమ బ్రతుకు మనవంటి వారికి ఇది ప్రత్యేకమైన చిక్కు. మహారాష్ట్ర రికార్డులలో స్వంత పేరు, తండ్రి లేక భర్త పేరు, ఆడనావ్ అను ఇంటిపేరు మూడును పూర్తిగా వ్రాయుదురు. మన తెలుగు వాడుకలో ఇంటిపేరు ఒక్క యక్షరముతో సరిపుచ్చి పేరు చెప్పుకొందుము. వివాహమైన స్త్రీలకు ఒక కార్డులో పుట్టింటి పేరు, మరియొక దానిలో అత్తింటి పేరు ఉండును. మరాఠీలో విని ఇంగ్లీషులో వ్రాసిన గుమాస్తా చేతిలో లక్ష్మి ఒకచోట ఎక్స్‌తోను, ఒకచోట కే ఎస్ హెచ్‌తోను తయారగును. ఇంటివద్ద ఇవి చిన్న విషయములు. విమానాశ్రయ ద్వారమున పెద్దవి. టిక్కెట్టు కొనునప్పుడు వెంట తీసికొనిపోవు కార్డునే ఎదుట పెట్టుకొని, అక్షరము వెంట అక్షరము చూచి వ్రాయవలెను. ఎవరైన కొని ఇచ్చినను, డబ్బు ఇచ్చిన వెంటనే టిక్కెట్టు చదువవలెను. పేరులో పొరపాటును కొన్న 24 గంటలలో తెలియజేసినయెడల, అదే మనిషి పేరు దిద్దుటకు సంస్థ అదనపు రుసుము తీసికొనరాదని విమానయాన శాఖవారి నిబంధన కలదు. సంస్థ సైటులో నేరుగా కొన్నవారికి ఈ సౌకర్యము నిశ్చయముగా అందును. మా అక్కగారి టిక్కెట్టును ఆ దినముననే చదివియుండినచో దారి దొరకియుండెడిది.

ప్రయాణికునికి మరికొన్ని హక్కులు గలవు. ప్రయాణదినము ఇంకను తగినంత దూరమున్నయెడల, కొన్న పిమ్మట నిర్ణీత గడువు లోపల రుసుము లేకుండ రద్దు చేసికొనవచ్చును. డబ్బు తిరిగి రాదన్న టిక్కెట్టును రద్దు చేసినను, పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగి ఇచ్చి తీరవలెను. రద్దు రుసుము మూల ఛార్జీని, ఇంధనపు సర్‌ఛార్జీని కలిపిన మొత్తమును మించరాదు. ఇవి అడుగనివారికి తరచు అందవు. న్యాయము జరుగనప్పుడు 2016లో ప్రారంభమైన కేంద్రప్రభుత్వపు ఎయిర్‌సేవలో ఫిర్యాదు చేయవచ్చును.

అయినను హక్కులు ఎల్లప్పుడు గమ్యము చేర్పవు. 2025 డిసెంబరు మొదటివారమున ఇండిగో సంస్థ విమానములు దేశమంతట వేలకొలది రద్దయి, మిగిలిన సీట్ల ధరలు ఆకసమంటినవి. ప్రభుత్వము జోక్యము చేసికొని, 500 కిలోమీటర్ల వరకు 7,500 రూపాయలు, 1,000 కిలోమీటర్ల వరకు 12,000 రూపాయలు, 1,500 వరకు 15,000, ఆపైన 18,000 అని తాత్కాలికముగా పరిమితి విధింపవలసి వచ్చెను. దేశీయ ప్రయాణములలో అధికభాగము ఒకే సంస్థ చేతిలో ఉన్నప్పుడు సామాన్యుని గతి ఏమగునో ఆ వారము తెలిపినది. కావున పెండ్లి, పరీక్ష, ఉద్యోగపు ఇంటర్వ్యూ వంటి వాటికి ఒక దినము ముందుగా చేరునట్లు ఏర్పాటు చేసికొనుడు. వానకాలమున పర్లకోట వాగు పొంగి భామ్రాగడు దారి మూతపడుట ఏటేట చూచుచునే ఉన్నాము. అచ్చటివారికి ఈ జాగ్రత్త రెట్టింపు అవసరము.

"విమానము కలవారి సొమ్ము, మనకేల?" అని పెద్దలు కొందరు అనుచుందురు. వారి మాటలో పొదుపు ఉన్నది. దానిని మేము గౌరవింతుము. అప్పుచేసి ఆడంబరమునకు విమానమెక్కుమని మేమును చెప్పము. కాని ఆపద వచ్చినప్పుడు ఎక్కవలసినవారు కలవారా, లేనివారా అని మృత్యువు అడుగదు. ఆ దినమున తెలియమి వలన రెండింతలు కట్టువారు ఎప్పుడును లేనివారే. తెలిసినవాడు మొబైలులో పదినిమిషములలో ముగించు పనికి, తెలియనివాడు ఏజెంటు చెప్పినంత ఇచ్చుచున్నాడు.

కావున మన సంఘము ముందు మూడు సూచనలు ఉంచుచున్నాము. మొదటిది, ప్రతి ఆదివారము సాయంకాలము సంఘ కార్యాలయమున కాలేజీ చదువు చదువుచున్న మన పిల్లలు ఇద్దరు కూర్చుండి, వచ్చినవారికి ఉచితముగా ధరలు పోల్చి చూపవలెను. డబ్బు చెల్లించుట మాత్రము ప్రయాణికుని స్వంత ఫోనులో, అతని చేతిమీదుగానే జరుగవలెను. రెండవది, ప్రతి కుటుంబమును ఆధార్, పాన్, పాస్‌పోర్టు, బడి సర్టిఫికెట్లలోని పేర్లను ఒకచోట పెట్టి సరిచూచుకొనవలెను. తప్పులున్నవారికి దిద్దించుకొను దరఖాస్తు వ్రాయుటలో సంఘము తోడ్పడవలెను. మూడవది, ఆపదలో దూరము పోవలసినవారికి వడ్డీలేని అప్పుగా ఇచ్చుటకు చిన్న నిధి యొకటి ఏర్పడవలెను. పండుగ చందాలో ఇంటికి నూరు రూపాయలు వేరుగా తీసినను మొదలు పెట్టవచ్చును. మా కొట్టు తరఫున మొదటి చందా మేమే ఇచ్చుచున్నాము.

2022 ఏప్రిలులో ప్రాణహిత పుష్కరములకు సిరొంచ ఘాట్లలో ఊరూర నుండి వచ్చిన బంధువులను మనము ఆదరించితిమి. ఎవరు ఏ దారిన వచ్చిరో, ఎవరికి ఎచ్చట బసయో అందరము కలిసి చూచుకొంటిమి. వచ్చువారికి చేసిన సాయమే పోవువారికిని చేయుదము. ఈ ఆదివారము సంఘ కార్యాలయమునకు వచ్చునప్పుడు ఇంటిలోని స్త్రీల ఆధార్ కార్డులను కూడ వెంట తెండు. మొట్టమొదట మా అక్కగారి కార్డునే బల్లమీద పెట్టుదుము.